ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు



ఆగమన కాలం వచ్చిందంటే మన రేపల్లె ప్రాంతంలో రెండు వాసనలు కలిసి వస్తాయి. చేల వైపు నుంచి కోసిన వరి పనల వాసన, వంటిళ్ల వైపు నుంచి బెల్లం పాకం వాసన. ఇంటి ముందు వెదురుబద్దల నక్షత్రం వెలుగుతూంటుంది. రాత్రిపూట యువతీ యువకులు డోలకు తీసుకుని ఇంటింటికీ పాటలు పాడుతూ వస్తారు. హైదరాబాదులో చదివే పిల్లలు, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే కొడుకులు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఆడబిడ్డలు తెనాలిలో బండి మారి, లైనుకు ఆఖరి స్టేషనైన రేపల్లెలో సామాన్లతో దిగుతారు. అప్పటినుంచి సంక్రాంతి వెళ్లేదాకా సుమారు మూడు వారాలపాటు మన ఊళ్లలో గిన్నెలు నడుస్తాయి. అవును, నడుస్తాయనే అంటాను. ఒక ఇంట్లో బయలుదేరి, పైన ఒక పాత దినపత్రిక కాగితం కప్పుకుని, ఒక చిన్నపిల్ల చేతుల్లో మరొక ఇంటికి చేరతాయి. క్రిస్మసుకు మన అరిసెలు పక్కింటి హిందూ సోదరులకు వెళ్తాయి. సంక్రాంతికి వాళ్ల అరిసెలు మనకు వస్తాయి. రంజాను నాడు సేమ్యా వస్తుంది.

ఆ గిన్నె తిరిగి వెళ్లేటప్పుడు ఖాళీగా వెళ్లకూడదని మన పెద్దల మాట. ఇంట్లో పిండివంట లేకపోతే గుప్పెడు పంచదార వేసి పంపేవారు, అదీ కాకపోతే రెండు అరటిపళ్లు. ఎంత పేద ఇల్లాలైనా ఈ నియమం తప్పేది కాదు. ఇది ఏ చట్టంలోనూ లేదు, మన సత్యోపదేశ పుస్తకంలోనూ లేదు. అయినా కులమతాలతో నిమిత్తం లేకుండా అందరూ పాటిస్తూ వచ్చారు.

ఈ వారం నేను మీతో ఆలోచించదలచినది ఈ గిన్నె గురించే. మనం దానిలో వేసి పంపేది కృతజ్ఞతా, లేక బాకీ తీర్చుకోవడమా? ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం చాలా దూరం ఉంది. ఆ దూరం తెలియకపోవడం వల్ల మన కుటుంబాలలోనూ, మన ఊళ్లలోనూ ఎన్నో గాయాలు తగిలాయి.

ముందు మాటను చూద్దాం. కృతజ్ఞత అనే మాటలో ‘కృతం’ అంటే చేయబడినది. ‘జ్ఞ’ అంటే తెలిసినవాడు. అంటే తనకు ఏమి చేయబడిందో తెలిసినవాడు కృతజ్ఞుడు. చూశారా, ఈ మాటలో ఇవ్వడం లేదు, పుచ్చుకోవడం లేదు, ‘థాంక్స్’ చెప్పడం కూడా లేదు. తెలియడం ఒక్కటే ఉంది. దీనికి ఎదురుమాట కృతఘ్నుడు. ‘ఘ్న’ అంటే చంపేవాడు. చేసిన మేలును చంపేవాడన్నమాట. మేలును ఎలా చంపుతారు? తిరిగి ఇవ్వకపోవడం వల్ల కాదు. అది జరగనే లేదన్నట్టు బతకడం వల్ల.

మనవాళ్లు ఇళ్లలో ‘ధన్యవాదాలు’ అని చెప్పుకోరు. అది సభావేదిక మీద మాట. అమ్మ అన్నం పెడితే ‘కృతజ్ఞతలు అమ్మా’ అని ఎవరైనా అంటే ఆమె కంగారుపడి వీడికి జ్వరమేమో అని నుదురు పట్టి చూస్తుంది. అందుకని తెలుగువారికి కృతజ్ఞత లేదని కొందరు చదువుకున్నవాళ్లు అంటూంటారు. నేను ఒప్పుకోను. ‘నీ కడుపు చల్లగా ఉండ’ అని ముసలమ్మ దీవిస్తే అది ఏమిటి? ‘మీ మేలు మరచిపోము’, ‘మీ పేరు చెప్పుకుని బతుకుతున్నాం’, ‘మీ రుణం తీరేది కాదు’ అనే మాటలు ఏమిటి? గమనించి చూడండి. ఈ మాటలలో ఏ ఒక్కటీ లెక్కను ముగించదు. ‘థాంక్స్’ అనేస్తే ఇచ్చిపుచ్చుకోవడం అక్కడితో అయిపోయినట్టుంటుంది. ‘మరచిపోము’ అంటే ఆ సంబంధం ఇంకా నడుస్తుందని అర్థం. గురువులు ఎదురైనప్పుడు మన పల్లెల కతోలికులు చేతులు జోడించి ‘స్తోత్రం ఫాదర్ గారూ’ అంటారు. పలకరింపు కూడా దేవునికి స్తోత్రంతోనే మొదలుపెట్టే జాతికి కృతజ్ఞత తెలియదంటే ఎలా?

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసు గారి మహాగ్రంథంలో కృతజ్ఞత గురించిన భాగం చదివాను. పదమూడవ శతాబ్దంలో రాసిన ఆ పుస్తకంలో ఆయన కృతజ్ఞతకు మూడు మెట్లు చెబుతారు. మొదటిది, మనకు మేలు జరిగిందని గుర్తించడం. రెండవది, దాన్ని నోటితో చెప్పి మెచ్చుకోవడం. మూడవది, తగిన సమయంలో, తగిన చోట, మన శక్తి కొద్దీ తిరిగి మేలు చేయడం. మొదటి మెట్టు లేకపోతే మిగిలిన రెండింటికీ ఆధారం లేదు. మన సంస్కృత పదం చెప్పేదీ అదే గదా! అసలు కృతఘ్నతలో అన్నిటికన్నా ఘోరమైనది తిరిగి ఇవ్వకపోవడం కాదని, మేలును గుర్తించకపోవడమేనని ఆయన భావం.

అక్వీనాసు గారు ఇంకొక ప్రశ్న వేస్తారు. మేలు పొందిన వెంటనే తిరిగి చేసేయాలా? మనమైతే ‘ఎంత తొందరగా చేస్తే అంత మంచిది’ అంటాం. ఆయన అలా అనలేదు. మనసులో కృతజ్ఞత వెంటనే పుట్టాలి, తిరిగి ఇవ్వడానికి మాత్రం తగిన సమయం రావాలి అంటారు. ఇక్కడ ఆయన సెనెకా అనే రోమా తత్త్వవేత్త ఆలోచనను తెచ్చుకుంటారు. తొందరపడి తిరిగి ఇచ్చేవాడి మనసు కృతజ్ఞుడి మనసు కాదట, అప్పున్నవాడి మనసట. రుణపడి ఉండటం వాడికి ఇష్టం లేదు. ఎదుటివాడితో సంబంధం భారంగా ఉంది. దించేసుకుంటే పోతుందనుకుంటాడు. (ఈ సెనెకా క్రైస్తవుడు కాడు. ఉపకారాల గురించే ఏడు పుస్తకాలు రాశాడు. చివరకు తాను చదువు చెప్పిన నీరో చక్రవర్తి ఆజ్ఞ మీద క్రీ.శ. 65లో తన ప్రాణం తానే తీసుకోవలసి వచ్చింది. శిష్యుల కృతజ్ఞత గురించి ఆయనకు మనం చెప్పవలసినదేమీ లేదు.)

ఇప్పుడు మన గిన్నె దగ్గరకు వద్దాం. ఈ రోజుల్లో కొన్ని ఇళ్లలో ఏమి జరుగుతూంది? వాళ్లు ఎనిమిది అరిసెలు పంపారు, మనం ఎనిమిది పంపాలి. వాళ్ల జంతికలు నూనె కంపు కొట్టాయి, మనం నేతివి ఎందుకు పంపాలి? కిందటేడు వాళ్ల కోడలు ప్లాస్టిక్ డబ్బాలో పంపింది, మనం స్టీలు డబ్బా పంపితే తిరిగి రాలేదు. పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం రాసుకున్నట్టే పండుగ గిన్నెలకూ మనసులో ఒక పుస్తకం తెరిచి ఉంచుకుంటున్నారు. పుస్తకం తప్పని అనను. చదివింపుల ఆచారం ఎన్నో పేద ఇళ్లలో పెళ్లి ఖర్చును ఊరంతా మోయడానికి పుట్టిన మంచి ఏర్పాటు. కాని ఎంత వచ్చిందో తెలిసి, ఎవరు ఏ పరిస్థితిలో ఇచ్చారో తెలియకపోతే, మన దగ్గర లెక్క ఉంది గాని కృతజ్ఞత లేదు. ఉపకారాన్ని తూచేటప్పుడు వస్తువును గాక ఇచ్చినవారి మనసును తూచాలని కూడా అక్వీనాసు గారు చెప్పారు. దేవాలయంలో పేద విధవరాలు వేసిన రెండు నాణేలను మన ప్రభువు అలాగే తూచారు.

ఆ గుప్పెడు పంచదార అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఎనిమిది అరిసెలకు గుప్పెడు పంచదార సరితూగదు. సరితూగాలని వేసిందీ కాదు. ‘మీ గిన్నె మాకు చేరింది, మీరు గుర్తున్నారు’ అని చెప్పడానికి వేసింది. తిరిగి చేయవలసిన మేలుకు వేరే రోజు ఉంది. పురుడు రావచ్చు, చావు రావచ్చు, వరద రావచ్చు. ఆ రోజు అదే ఇల్లాలు అర్ధరాత్రి లేచి వస్తుంది.

ఇక కష్టమైన విషయానికి వస్తాను. దీన్ని దాటవేసి పండుగ మాటలు చెప్పడం నాకు ఇష్టం లేదు.

తెలుగులో ‘విశ్వాసం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. దేవాలయంలో మనం విశ్వాసం అంటే దేవుని నమ్మడం. ఊళ్లో విశ్వాసం అంటే తిన్న తిండికి కట్టుబడి ఉండటం. ‘కుక్కకున్న విశ్వాసం వీడికి లేదు’ అనే మాట మీరందరూ విన్నదే. ఆ మాట ఎవరు ఎవరిని అంటారో కూడా మీకు తెలుసు. ఆసామి పాలేరును అంటాడు. పాలేరు ఆసామిని అనడం నేనెప్పుడూ వినలేదు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కుమ్మరికి, చెప్పులు కుట్టేవారికి, వెట్టి చేసేవారికి మేరలని కొలిచి ఇచ్చేవారు. ఏడాది పొడుగునా చేసిన పనికి అది కూలి. అయినా పుచ్చుకునేవాడు తలపాగా తీసి, వంగి, దోసిలి పట్టి, దణ్ణం పెట్టి పుచ్చుకోవాలి. పండుగనాడు పెద్ద ఇళ్ల వాకిట్లో నిలబడితే పైనుంచి అన్నం, కూర వేసేవారు. గిన్నె తగలకుండా జాగ్రత్త పడేవారు. మన విచారణలలో ఈనాడు నలభై ఏళ్లు దాటినవారిలో అనేకుల అమ్మమ్మలు, తాతయ్యలు ఆ వాకిళ్లలో నిలబడినవారే. ఆ ఇళ్ల నుంచి వచ్చిన గిన్నెలో ఏదైనా వేసి తిరిగి పంపే హక్కు వారికి లేదు. ఎందుకంటే వారి చేతిది ఆ ఇళ్లలో తినరు.

ఇది ఒకవైపే నడిచే గిన్నె. దీన్ని కృతజ్ఞత అని పిలవడం ఆ మంచి మాటకే అవమానం. కూలిని దానంగా చూపించి, దానికి కృతజ్ఞత అడగడం మోసం. తెనాలికి దగ్గర్లోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. దానికి ఊరు ఊరు ఒక్కొక్క కారణం చెప్పింది. నాకు తోచినంతలో ఆ కారణాలన్నిటి అడుగునా ఒక బుద్ధి ఉంది. తరతరాలుగా వంగినవాడు నిటారుగా నిలబడితే, చదువుకుంటే, పక్క సీట్లో కూర్చుంటే, అది స్వేచ్ఛగా గాక ‘విశ్వాసం లేకపోవడం’గా చూసే బుద్ధి. కనుక మన పిల్లలకు కృతజ్ఞత నేర్పేటప్పుడు జాగ్రత్త పడాలి. వంగి బతకడాన్ని నేర్పి దానికి కృతజ్ఞత అని పేరు పెట్టకూడదు.

మరి ప్రభువు ఏమి చేశారు? పదిమంది కుష్ఠరోగులకు స్వస్థత ఇచ్చిన సంఘటన లూకాగారి సువిశేషం 17వ అధ్యాయంలో ఉంది. పదిమందిలో ఒక్కడే తిరిగి వచ్చాడు. వాడు సమరీయుడు, అంటే యూదులు గిన్నె పంపని జాతివాడు. మిగిలిన తొమ్మిదిమంది ఏరి అని ప్రభువు అడిగారు. మనం ఈ ప్రశ్న మీదే ప్రసంగాలు చెబుతాం. ఆయన చేయనిదాన్ని కూడా గమనించండి. ఆ తొమ్మిదిమందికి ఇచ్చిన స్వస్థతను ఆయన వెనక్కు తీసుకోలేదు. వారి వెంట మనుషులను పంపలేదు. తిరిగి వచ్చినవాణ్ణి తన కాళ్ల దగ్గరే ఉంచుకోలేదు. లేచి వెళ్లమన్నారు. ఊరి వెలుపల నిలబడి దూరం నుంచి కేకవేసిన మనిషి, ఇప్పుడు దగ్గరకు వచ్చి, లేచి, తన ఇంటికి తాను నడిచి వెళ్లాడు. దేవుడు చేసే ఉపకారం మనిషిని లేపి నిలబెడుతుంది. మనుషులు చేసే ఉపకారానికీ అదే గీటురాయి. మనం చేసిన సాయం తరువాత ఎదుటివాడు మన ముందు మునుపటికన్నా నిటారుగా నిలబడుతున్నాడా, ఇంకా వంగుతున్నాడా? విదేశాల నుంచి డబ్బు పంపి ఊళ్లో బంధువులకు చీరలు పంచేవారు, దేవాలయానికి ఫ్యాను ఇచ్చి దాని మూడు రెక్కల మీదా పేరు రాయించేవారు ఈ ప్రశ్న వేసుకుంటే మంచిది.

ఇంటి బయటి సంగతి అది. ఇంటి లోపల కూడా ఒకవైపే నడిచే గిన్నె ఒకటుంది.

అరిసెలు ఎలా తయారవుతాయో మగవారిలో ఎందరికి తెలుసు? ముందు బియ్యం నానబెట్టాలి. నీళ్లు వాడ్చి, తడి ఆరకుండానే పిండి కొట్టాలి. ఇప్పుడు మిల్లు పట్టిస్తున్నారు గాని, వెనుక రోట్లో దంచి జల్లెడ పట్టేవారు. బెల్లం పాకం పట్టాలి. పాకం ముదిరితే అరిసె రాయిలా ఉంటుంది. లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. పాకం కుదిరిన క్షణంలో ఒకరు పిండి పోస్తూంటే ఒకరు బలంగా కలియబెట్టాలి. ఒకరు నువ్వులద్ది ఆకు మీద తట్టాలి. ఒకరు నూనెలో వేసి తీయాలి. ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తాలి. ఇది ఒక్క చేతి పని కాదు. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఈరోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు వేసుకుని చేసుకునేవారు. అరిసె అనేదే కృతజ్ఞత మీద నిలబడిన పిండివంట. మీరు మా పాకం తిప్పారు, మేము మీ నూనె వత్తుతాం.

ఈరోజుల్లో చాలామంది మిఠాయి దుకాణంలో కొంటున్నారు. అది పాపమని నేను అనను. ఉద్యోగం చేసి ఇంటికి వచ్చిన కోడలిని రాత్రి పదకొండు గంటలకు పాకం పట్టమనడం కన్నా కొనుక్కోవడమే దైవభక్తి. కాని కొన్నా, వండినా, పండుగ రోజు ఇంటి ఇల్లాలు ఎప్పుడు తింటుందో ఒక్కసారి చూడండి. తెల్లవారుజామున పిల్లలకు తలంట్లు, పూజకు వెళ్లడం, వచ్చి పొయ్యి వెలిగించడం, వచ్చినవాళ్లకు వడ్డించడం. మూడు గంటలకు అందరూ చేతులు కడుక్కుని టీవీ ముందు కూర్చుంటే, ఆమె గిన్నె అడుగున మిగిలినది గరిటెతో గీకి వేసుకుంటుంది. ఆమెకు ఏమి ఇష్టమో మనకు తెలుసా? చాలా ఇళ్లలో పిల్లలు ‘అమ్మకు మాడు అన్నం ఇష్టం’ అని నమ్ముతూ పెరుగుతారు. కృతజ్ఞత అంటే ‘చేయబడినది తెలియడం’ అని పైన చెప్పుకున్నాం గదా, ఈ ఇంట్లో చేయబడినది ఎవరికీ తెలియలేదు. మన ప్రభువు పుట్టినరోజున పశువుల పాకలో మరియమ్మ, జోజప్పల బొమ్మలను చూసి ముచ్చటపడతాం. ఆ రాత్రి నజరేతు జోజప్ప గారు నీళ్లు మోసి ఉండరా, పొయ్యి వెలిగించి ఉండరా? పుట్టింటివాళ్లు ఎవరూ లేని ఊళ్లో బాలింతకు ఇంకెవరు చేస్తారు?

పశువుల పాకను ఇంటింటా కట్టే ఆచారానికి అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ గారు 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో చేసిన ఏర్పాటు నాంది అని చెబుతారు. ఆయన ఆ రాత్రి నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డిని తెప్పించారు. పుస్తకంలో విన్నదాన్ని జనం కళ్లతో చూడాలని ఆయన కోరిక. అక్కడితో దాని సంగతి చాలు. నేను చెప్పదలచినది ఏమిటంటే, ఆచారం పుట్టేది చూపించడానికి, చెప్పడానికి. చెప్పడం ఆగిపోతే ఆచారం అలంకారంగా మిగులుతుంది. గడ్డి పోయి థర్మోకోల్ వస్తుంది, దీపం పోయి చైనా బల్బుల తోరణం వస్తుంది, దాన్ని ఎందుకు కడుతున్నామని పిల్లవాడు అడిగితే ‘ఊరికే, అందంగా ఉంటుందిరా’ అంటాం.

పాత నిబంధనలో పిల్లవాడి ప్రశ్నకు గొప్ప స్థానం ఉంది. పాస్క పండుగనాడు ఈ ఆచారానికి అర్థమేమిటని పిల్లలు అడిగితే ఫలానా విధంగా చెప్పండని మోషే ముందే ఏర్పాటు చేశాడు. ద్వితీయోపదేశ కాండం 26వ అధ్యాయంలో ఇంకా విచిత్రమైన సంగతి ఉంది. రైతు తన పొలంలో పండిన తొలి పంటను బుట్టలో పెట్టుకుని యాజకుని దగ్గరకు రావాలి. బుట్ట దించితే చాలదు. ఒక కథ చెప్పాలి. తన పూర్వికుడు ఇల్లూ వాకిలీ లేక తిరిగిన అరామీయుడని, ఐగుప్తులో పరాయివాడిగా బతికాడని, అక్కడ బానిసగా నలిగాడని, మొరపెట్టుకుంటే దేవుడు విని విడిపించాడని, అందుకే ఈరోజు ఈ బుట్ట తెచ్చానని చెప్పాలి. కృతజ్ఞతకు మాటలు లేనివాడికి మోషే మాటలు ఇచ్చాడు. ఆ మాటలలో ‘మేము గొప్పవాళ్లం’ అని లేదు. బానిసత్వాన్ని దాచలేదు. కథ చెప్పిన తరువాత తన ఇంటివారితోపాటు లేవీయులతోనూ, తన మధ్య నివసించే పరదేశులతోనూ కలిసి విందు చేసుకోవాలి. పరాయివాడిగా బతికానని ఇప్పుడే నోటితో చెప్పినవాడు పరాయివాణ్ణి వాకిట్లో నిలబెట్టి పైనుంచి అన్నం వేయలేడు.

మన ఇళ్లలో ఈ కథ ఎవరు చెబుతున్నారు? మీ కుటుంబంలో మొదట జ్ఞానస్నానం పొందినది ఎవరు? మొదట బడికి వెళ్లినది ఎవరు? ఆ బిడ్డ ఫీజు ఎవరు కట్టారు? ఇప్పుడున్న స్థలం ఎవరి చెమటతో వచ్చింది? ఏ ఉపదేశి గారు సైకిలు మీద వచ్చి లాంతరు వెలుగులో జపాలు నేర్పారు? నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్లి సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి వస్తాం. మంచిదే. కాని ఆ సమాధిలో ఉన్న మనిషి ఏమి చేశారో తెలియకపోతే, వెలిగించిన పిల్లవాడికి అది కొవ్వొత్తి మాత్రమే. చనిపోయినవారికి తిరిగి ఇవ్వడానికి మన దగ్గర ఏమీ లేదు. వారి విషయంలో అక్వీనాసు గారి మూడవ మెట్టు మనకు అందదు. వారి కోసం ప్రార్థించడం, వారి పేరు చెప్పడం ఉన్నాయి.

ఈ ప్రాంతపు కథలో నీళ్లు కూడా ఉన్నాయి. 1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణ అవతలి ఒడ్డున దివిసీమను తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. అయిదు వారాలకు క్రిస్మసు వచ్చింది. ఆనాటి పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు, అడిగి చూడండి. 2009 అక్టోబరులో వరద వచ్చింది. 2023 డిసెంబరు 5న, సరిగ్గా ఆగమన కాలంలో, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు చేలోనే నానిపోయాయి, కోయనివి నేలకు ఒరిగి మొలకెత్తాయి. మన డెల్టా రైతు వరి కోయకముందే తడి ఉన్న చేలో మినుములు చల్లుతాడు గదా, అలా చల్లిన మినుము మురిగిపోయిన చేలూ ఉన్నాయి. మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద నమోదైంది. అంత నీరు అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. దిగువన కరకట్ట వెంట ఊళ్లవాళ్లు రాత్రిళ్లు మేలుకుని ఇసుక బస్తాలు వేశారు.

అలాంటి ఏడు కృతజ్ఞత చెప్పడం ఎలా? ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు ముందే ఒప్పుకున్న రైతు, గింజ చేతికి రాకపోయినా కౌలు కొలవవలసిన రైతు, దేవునికి దేనికి స్తోత్రం చెప్పాలి? ఈ ప్రశ్నకు కొందరు ప్రసంగీకులు చాలా సులువుగా జవాబు చెబుతారు. వరద కూడా దేవుని వరమేనంటారు. అలా చెప్పడం నా చేత కాదు. పౌలుగారు తెస్సలోనీక సంఘానికి అన్ని పరిస్థితులలోనూ కృతజ్ఞులై ఉండమని రాశారు. అన్ని పరిస్థితుల కోసం అని రాయలేదు. ఈ రెంటికీ తేడా ఉంది. నానిపోయిన పనల కోసం స్తోత్రం చెప్పనక్కరలేదు. అవి చూసి ఏడవవచ్చు. కీర్తనల గ్రంథంలో ఏడుపు చాలా ఉంది, దేవుడు దానికి నొచ్చుకోలేదు. కాని ఆ నీళ్లలోనే ఇసుక బస్తా మోసినవాడి పేరు తెలియడం, అన్నం పొట్లం తెచ్చినవాడిని గుర్తుపెట్టుకోవడం, కౌలులో సగం వదులుకున్న ఆసామి ఉంటే వాకిట్లో అతని మంచిని చెప్పుకోవడం, ఇవి సాధ్యం. వదులుకోని ఆసాములు ఈ పత్రిక చదువుతుంటే, పండుగకు ఇంకా సమయం ఉందని మనవి.

మనం ప్రతి ఆదివారం అర్పించే దివ్యబలిపూజకు గ్రీకు భాషలో ఉన్న పేరు ‘యూకరిస్తియ’. దానికి కృతజ్ఞతాస్తుతి అనే అర్థం. ప్రభువు రొట్టెను చేతిలోకి తీసుకుని కృతజ్ఞతాస్తోత్రాలు చెప్పినది ఏ రాత్రి? పట్టుబడబోయే రాత్రి. అప్పగించబోయేవాడు అదే బల్ల దగ్గర ఉన్నాడు. ఇంతకన్నా ఈ విషయం మీద నేను చెప్పగలిగినది లేదు.

ఇక చేయవలసిన పని. క్రిస్మసు తరువాతి ఆదివారం తిరుకుటుంబ పండుగ. ఆ రోజున మా విచారణలో ప్రతి కుటుంబమూ ఒక చిన్న బుట్ట తెచ్చుకోవాలని ఈసారి అనుకున్నాం. ఇతర విచారణలవారు కూడా చేసుకోవచ్చు. పొలం ఉన్నవారు దోసెడు కొత్త బియ్యం తెండి. కౌలు చేసేవారు కూడా అదే తెండి, బియ్యానికి పట్టాదారు పుస్తకం అక్కరలేదు. పొలం లేనివారు తమ పనిముట్టు తేవచ్చు. తాపీ, కుట్టుపని కత్తెర, ఆటో తాళంచెవి, నిజాంపట్నం వైపు నుంచి వచ్చేవారు వల ముక్క. దేవాలయంలో ప్రసంగాలు ఉండవు, ఉన్న ఒక్క ప్రసంగమూ నేను కుదించుకుంటాను. కథ చెప్పుకోవలసినది ఇంట్లో. మధ్యాహ్నం భోజనానికి ముందు, బుట్టను మధ్యలో పెట్టుకుని, ఇంట్లో అందరికన్నా పెద్దవారు తమకు తెలిసినంత వరకు తమ కుటుంబం కథ చెప్పాలి. వాకిళ్లలో నిలబడినది కూడా చెప్పండి, దాచవద్దు. పిల్లలు ప్రశ్నలు అడగవచ్చు, సెల్‌ఫోన్లు ఆ అరగంట పక్కన పెట్టాలి. కువైట్‌లో ఉన్న అమ్మ గొంతు వినడానికైతే ఒక ఫోను ఉండనివ్వండి.

ఆ పూట వడ్డన మగవారిది. ఇల్లాలు మొదట కూర్చుంటుంది. ఆమెకు ఏమి ఇష్టమో ముందురోజే అడిగి తెలుసుకోండి. ‘నాకేమీ వద్దు, మీరు తింటే చాలు’ అంటుంది. రెండోసారి అడగండి.

డిసెంబరు 31 రాత్రి ఎప్పటిలాగే దివ్యసత్ప్రసాద ఆరాధన, ‘తెదేయుం’ స్తుతిగీతం ఉంటాయి. బుట్టలలో వచ్చిన బియ్యాన్ని సంక్రాంతికి ముందు పంచుతాం. ఎవరికి ఇవ్వాలన్నది విన్సెంట్ దె పాల్ సభవారు చూసుకుంటారు, వాకిట్లో వరుస కట్టించరు, ఇంటికి తీసుకెళ్లి ఇస్తారు. వెళ్లిన ఇంట్లో వారు మంచినీళ్లిచ్చినా, పంచదార ఇచ్చినా కాదనకుండా పుచ్చుకోమని వారికి చెప్పాను. మినుములు తేలేదేమని మాత్రం ఎవరూ ఎవరినీ అడగవద్దు. అప్పటికి అవి చేలో రెండాకుల మొక్కలుగా ఉంటాయి. కాయ ఎండి చేతికి వచ్చేసరికి తపస్సుకాలం వచ్చేస్తుంది, వాటి బుట్ట సంగతి అప్పుడు చూసుకుందాం.